పెట్టెలోని కరెంటు ఏమైనది?

ఉద్దానము శ్రీకాకుళం జిల్లాలో సముద్రతీరము వెంబడి వ్యాపించిన ప్రాంతము. కొబ్బరికిని, జీడిమామిడికిని పేరెన్నిక గన్నది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు అచటి తోటలు నేలకొరిగినవి. కరెంటు స్తంభములు వేలకొలదిగా కూలినవి. ఎన్నో గ్రామములు పెక్కు దినములు చీకటిలో గడపవలసి వచ్చెను. ఆ చీకటిని ఎరిగినవాడను గనుక, తరువాత కొంత కాలమునకు నేనొక పోర్టబుల్ పవర్ స్టేషన్ కొంటిని. పేరు పెద్దదే గాని, వస్తువు చేతితో మోయదగిన పెట్టె. లోపల లిథియం బ్యాటరీయు, ఇన్వర్టరును ఉండును. పైన ప్లగ్గులు పెట్టుటకు రంధ్రములు, మిగిలిన కరెంటును శాతములలో చూపు అద్దము ఉండును.

మా పొరుగింట ఉబ్బసముతో బాధపడు ఒక వృద్ధురాలు కలదు. ఆయాసము హెచ్చినపుడు మందును సన్నని తుంపరగా మార్చి పీల్పించు నెబ్యులైజరు అను యంత్రము ఆమెకు ఆధారము. అది కరెంటు లేనిదే నడువదు. ఒకనాటి గాలివానకు రాత్రి ఎనిమిది గంటలకు కరెంటు పోగా, నా పెట్టెను వారి యింట పెట్టితిమి. ఒక టేబుల్ ఫ్యాను, ఒక దీపము తగిలించి, రెండు ఫోనులకు ఛార్జింగు పెట్టితిమి. తెల్లవారుజాము వరకు ఢోకా లేదని నేనే ధైర్యము చెప్పితిని. రాత్రి ఒంటిగంట నలుబది నిమిషములకు ఫ్యాను ఆగిపోయెను. మూడు గంటలకు ఆమెకు ఆయాసము వచ్చెను. నెబ్యులైజరు ఉన్నది, మందు ఉన్నది, కరెంటు లేదు. చేతి పంపుతో మందు పీల్పించుచు ఎట్లో తెల్లవార్చి, ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోతిమి. రెండు దినములలో ఆమె కోలుకొన్నది.

ఆమె మనుమడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. "మాస్టారూ, ఈ పెట్టె మోసపుదండీ!" అనెను. నేనును అట్లే తలచి, అమ్మిన వానికి ఘాటైన ఉత్తరము వ్రాయుటకు కాగితము తీసితిని. కాని నేరము రుజువు కాకుండ శిక్ష వేయుట తగదు గదా! ముందు లెక్క చూతమంటిని.

కరెంటు వాడకపు వేగమును కొలుచు ప్రమాణము వాట్. ఆవిరియంత్రమును మెరుగుపరచిన జేమ్స్ వాట్ పేరు మీదుగా వచ్చినది. ఒక వాట్ వేగముతో ఒక గంటసేపు వాడిన శక్తి ఒక వాట్-గంట. అట్టివి వేయి చేరినచో మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్ అగును. నా పెట్టె మీద 500 వాట్-గంటలని ముద్రించియున్నది. అనగా అంత బరువును, అంత వెలయును గల పెట్టెలో ఉన్నది అర యూనిట్ మాత్రమే! ఈ సంగతి తెలిసిననాడు నాకు కొంచెము చిన్నతనమైనది.

ఫ్యానుకు 45 వాట్లు, దీపమునకు 9 వాట్లు. మొత్తము 54. రెండు ఫోనులకు కలిపి 30 వాట్-గంటలు తీసివేసినను మిగిలిన 470 ఎనిమిదిన్నర గంటలకు పైగా రావలెను. అది ఆరు గంటలైనను రాలేదు. తక్కినది ఎవరు తినిరి?

మొదటి దొంగ నా అజాగ్రత్తయే. పెట్టెను నిండుగా ఛార్జి చేసి నాలుగు నెలలు అటకపై నుంచితిని. ఏ బ్యాటరీయైనను ఊరక యున్నను కొంచెము కొంచెము తరుగును. ఆ రాత్రి అద్దము 91 శాతమే చూపినది. చూచియు లెక్క చేయనైతిని. 9 శాతమనగా 45 వాట్-గంటలు. నెబ్యులైజరు ఒకమారు నడుచుటకు చాలును.

రెండవ దొంగ ఇన్వర్టరు. బ్యాటరీ ఇచ్చునది ఏకముఖ ప్రవాహము. ఇంటి ఫ్యానుకు కావలసినది 230 వోల్టుల ఏకాంతర ప్రవాహము. ఒకదానిని మరియొకదానిగా మార్చు పనిలో నూటికి పది పదిహేను పాళ్లు వేడిగా పోవును. అందుకే ఇట్టి పెట్టెలకు గాలి ఆడవలెను. వాటిపై దుప్పటి కప్పరాదు. ఇక ఫోనుల సంగతి మరింత వింత. బ్యాటరీలోని ఏకముఖ ప్రవాహమును ఇన్వర్టరు ఏకాంతరముగా మార్చును. ఫోను ఛార్జరు దానిని మరల ఏకముఖముగా మార్చును. ముక్కేదిరా యనిన తల చుట్టు చేయి త్రిప్పి చూపినట్లు! పెట్టెకు ప్రక్కనే యున్న యు.ఎస్.బి. రంధ్రములో తీగ పెట్టినచో ఈ తిరుగుడు చాలవరకు తప్పును.

అయినను లెక్క సరిపోలేదు. అప్పుడా పిల్లవాడు నాకు తోచని పని చేసెను. పెట్టెను నూరు శాతము నింపి, రాత్రి పది గంటలకు ఇన్వర్టరు మీట నొక్కి, ఏ వస్తువును తగిలింపకుండ పండుకొనెను. ఉదయము ఆరు గంటలకు చూడగా అద్దము 81 చూపుచున్నది! ఎనిమిది గంటలలో 19 శాతము, అనగా 95 వాట్-గంటలు, ఎవరికిని గాలి వీవక, వెలుగు నీయక ఖర్చైపోయినది. ఇన్వర్టరు తాను మేలుకొనియుండుటకే గంటకు సుమారు 12 వాట్-గంటలు తినుచున్నది. అద్దము మీద మాత్రము వాడకము సున్నా అనియే యున్నది, ఏలననగా అది బయటికి పోవు కరెంటునే చూపును.

ఇప్పుడు మరల లెక్కించితిమి. 91 శాతమనగా 455. ఫోనులకు, వ్యర్థముతో కలిపి, 40 పోగా 415. ఫ్యాను, దీపము, మార్పిడి నష్టముతో 61 వాట్లు, ఇన్వర్టరు తిండి 12, మొత్తము 73. భాగించిన సుమారు అయిదు గంటల నలుబది నిమిషములు. ఎనిమిదికి కలిపినచో ఒంటిగంట నలుబది! ఉత్తరము కొరకు తీసిన కాగితము ఈ లెక్కకు ఉపయోగపడినది.

కొన్ని పెట్టెలలో వాడకము తక్కువైనపుడు ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవు ఏర్పాటుండును. పొదుపునకు మంచిదే గాని, చిన్న దీపమొకటే వెలుగుచున్నపుడు దానినిగూడ ఆర్పివేయవచ్చును. ముందుగా పరీక్షించి చూడవలెను. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్ వంటి వేడిచేయు వస్తువులను ఇట్టి చిన్న పెట్టెలకు తగిలింపనే రాదు. ఇవన్నియు సరిగా నున్నను కరెంటు త్వరగా అయిపోవుచున్నచో బ్యాటరీ ముసలిదైనదేమో చూడవలెను. పూర్తిగా నింపి, వాట్లు తెలిసిన ఒకే వస్తువును తగిలించి, ఆగువరకు ఎన్ని గంటలు నడచినదో వ్రాసికొనినచో తెలియును. పెట్టెను విప్పి చూచు సాహసము మాత్రము కూడదు. లిథియం బ్యాటరీ దెబ్బతినిన మంటలు లేచును.

మేము చేసిన మార్పులు స్వల్పములు. పెట్టెలోని 12 వోల్టుల రంధ్రమునకు తగిన 20 వాట్ల చిన్న ఫ్యాను, యు.ఎస్.బి.తో వెలుగు 5 వాట్ల దీపము తెచ్చితిమి. నెబ్యులైజరు 150 వాట్లది. పావుగంట నడచినచో వ్యర్థముతో కలిపి 45 వాట్-గంటలు చాలును. ఆ పావుగంట మాత్రమే ఇన్వర్టరు మీట నొక్కవలెనని నిర్ణయము. పెట్టెను నెలకొకమారు చూచి నింపు బాధ్యత పిల్లవానిది.

తరువాత మరియొక గాలివాన రాత్రి ఎనిమిది మొదలు ఉదయము అయిదు వరకు కరెంటు లేదు. ఫ్యాను ఆగలేదు. నెబ్యులైజరు రెండుమారులు పనిచేసినది. నాయనమ్మ నిద్రించుచుండగా పిల్లవాడు అద్దము చూచి పుస్తకములో 24 అని వ్రాసికొనెను. అతడు ముందుగా వేసిన అంచనా 25. ఆ ఒక్క శాతము ఎక్కడికి పోయినదో ఇంకను వెదకుచున్నాడు.