వంటింటిని మార్చండి, కిటికీని మూయకండి

నేను గురుకులంలో వైద్యం అభ్యసించిన రోజులలో ద్రవ్యగుణ పాఠం సగం గ్రంథం ముందు, సగం గురుపత్నిగారి వంటింటిలో జరిగేది. పిప్పలికీ మిరియానికీ గల భేదాన్ని నాలుకపై పెట్టి నేర్పిన తల్లి ఆమె. ఆ వంటిల్లు మాత్రం చీకటి గది. మట్టిపొయ్యి, ఊదుడు గొట్టం, మసిబారిన దూలాలు, జానెడు గూడు వంటి ఒక్క కిటికీ. బయట అరుగుపై మేము శ్వాసరోగ నిదానాన్ని వల్లె వేస్తూ ఉంటే లోపలి నుండి ఆమె దగ్గు వినిపిస్తూ ఉండేది. ధూళి, పొగ శ్వాసరోగానికి కారణాలని చరక సంహిత చికిత్సా స్థానం 17వ అధ్యాయం చెబుతున్నది. మేము వల్లించినది దానినే. గురువుగారు ఆమెకు లేహ్యాలు ఇచ్చేవారు. దగ్గు తగ్గేది, మరల వచ్చేది. కారణం పొయ్యి వద్దనే ఉన్నదన్న ఆలోచన మాలో ఒక్కరికీ కలుగలేదు.

పాత వంటిల్లు ఆరోగ్యానికి, కొత్త వంటిల్లు రోగానికి నిలయమని తలచే పాఠకులు ఉన్నారు. వారికి ఈ సంగతి ముందుగా మనవి చేయాలనిపించింది. వంటింటిని నిస్సంకోచంగా మార్చుకోవచ్చు. అయితే మార్పు ఏ వరుసలో జరగాలో తెలిసి ఉండాలి. మొదట గాలి, తరువాత శరీరానికి సుఖం, ఆ పిదప అందం.

శాస్త్రం చెప్పిన వంటిల్లు

సుశ్రుత సంహిత కల్పస్థానం మొదటి అధ్యాయంలో మహానసం, అనగా వంటశాల, ఎట్లుండాలో వివరించబడింది. అది విశాలంగా, శుభ్రంగా ఉండాలి. పాత్రలు పరిశుద్ధంగా ఉండాలి. కిటికీలు పెక్కు ఉండాలి, వాటికి జాలీలు ఉండాలి. నేడు దోమలకూ ఈగలకూ మనం బిగించుకునే జాలీ తలుపు ఎంత పాత ఆలోచనో గమనించండి.

ఇటీవల ఒక గృహస్థు తన తల్లిని నా వద్దకు తీసుకొని వచ్చారు. ఎంతో ఖర్చుతో వంటిల్లు కొత్తగా కట్టించారు. నల్లని గ్రానైటు గట్టు, నిగనిగలాడే అరలు అమర్చారు. గ్యాసు పొయ్యి గనుక పొగ అన్నదే లేదు. అయినా ఆమెకు పొడిదగ్గు మొదలైంది. విచారించగా, అరలకు చోటు చాలక తూర్పు కిటికీని మూసివేశారని తెలిసింది. మిరపకాయల తాలింపు ఘాటు, కాగిన నూనె ఆవిరి, గ్యాసు మంట నుండి వెలువడే కంటికి కనిపించని వాయువులు, అన్నీ ఆ గదిలోనే తిరుగుతున్నాయి. ఔషధంతో పాటు ఆ అరను తీయించి కిటికీ తెరిపించమన్నాను. కొన్ని వారాలకు దగ్గు తగ్గుముఖం పట్టింది. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం చిట్కాలతో కాలయాపన చేయక పరీక్షలు చేయించుకోవాలి.

కిటికీ నేరుగా బయటి గాలిలోకి తెరుచుకోవాలి. గాలిని బయటకు లాగే ఫ్యాను పొయ్యికి సమీపంలో, గోడ పైభాగాన ఉండాలి. దానికి ఎదురుగా గాలి లోనికి వచ్చే దారి ఉంటేనే అది పని చేస్తుంది. వంటగ్యాసు గాలికన్న బరువైనది. లీకయితే నేలను అంటి పేరుకుంటుంది. కనుక సిలిండరును బిగుతైన అరలో బంధించకూడదు. నేలమట్టాన కూడా గాలి పోయే సందు ఉంచాలి.

గట్టుకు కొలత మోచేయి

గట్టు ఎత్తును మేస్త్రీ అలవాటుకు వదలివేయకండి. వంట చేసేవారు నిలబడి మోచేతిని మడిచినప్పుడు, గట్టు దానికి నాలుగైదు అంగుళాలు క్రిందుగా ఉండాలి. అంతకన్న తగ్గితే నడుము, పెరిగితే భుజాలు నొప్పి పెడతాయి. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి ఎత్తు స్టూలుపై కూర్చొని కూరలు తరుగుకొనేందుకు వీలుగా కొంత భాగాన్ని తక్కువ ఎత్తులో కట్టించాలి. నేలకు నున్నని టైల్సు వద్దు, తడిలో జారతాయి. గరుకు తగ్గని నాపరాయి చల్లగా, చూపులకు ఇంపుగా ఉంటుంది.

ఏ పాత్రలో ఏది

కొత్త వంటింట్లోకి వెళ్ళేటప్పుడు పాత పాత్రలన్నింటినీ తూకానికి వేయడం పొరపాటు. అన్నింటినీ వాడబూనడమూ పొరపాటే.

రాచ్చిప్ప పులుపుకు చెడదు. పప్పుచారుకు, పులుసుకు అది శ్రేష్ఠం. దానిని సన్నని మంటపై నెమ్మదిగా వేడెక్కించాలి. ఇనుప మూకుడులో వేపుడు చేయవచ్చు, కానీ వండిన తరువాత కూరను అందులో నిలువ ఉంచరాదు. రాగి చెంబులో మంచినీరు ఉంచవచ్చు. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు రసం వంటివి మాత్రం రాగికి తగలరాదు. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే మరల పూయించే వరకు అందులో వండకూడదు. అల్యూమినియం గిన్నెలో పులుపు వండడం మంచిది కాదు. పూత లేచిన నాన్‌స్టిక్ పెనాన్ని పారవేయడమే మేలు.

వాడకానికి పనికిరాని ఇత్తడి బిందెను, అమ్మమ్మల నాటి గంగాళాన్ని తోమి కిటికీ ప్రక్కన నిలపండి. సున్నపు తెలుపు గోడపై వాటి కాంతికి సాటి వచ్చే అలంకరణ లేదు.

పోపుల పెట్టె చోటు

చాలా ఇళ్ళలో మసాలా అరను పొయ్యికి పైననే కట్టిస్తున్నారు. వేడికి, ఆవిరికి జీలకర్ర, ధనియాలు, వాము తమ సుగంధాన్ని కోల్పోతాయి. సుగంధం పోతే గుణం తగ్గినట్లే. వీటిని మూత బిగుతుగా ఉండే గాజు సీసాలలో, పొయ్యికి దూరంగా, ఎండ తగలని అరలో ఉంచాలి. ఆ ప్రక్కనే శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, కరక్కాయ, సైంధవ లవణం ఉంచుకోండి. రాత్రివేళ కడుపుబ్బరంగా ఉంటే కొద్దిగా వాము, చిటికెడు సైంధవ లవణంతో నమిలి వేడినీరు త్రాగవచ్చు.

చివరగా, వంటింట్లో ఒక పీట గాని, చిన్న బల్ల గాని వేయండి. వంట చేసేవారి వద్ద మరొకరు కూర్చొని నాలుగు మాటలాడే చోటు ఉంటేనే అది ఇల్లు అనిపిస్తుంది. ఆ కూర్చున్నవారు కత్తిపీట అందుకుంటే మరీ సంతోషం.

ఇన్ని చెప్పిన నేను కూడా మా ఇంట్లో ఆలస్యం చేసినవాడినే. ఊరందరి మోకాళ్ళకూ తైలం ఇస్తూ, మా ఇల్లాలు ఇరుకు గదిలో నేలపై కూర్చొని వండుతూ ఉంటే సంప్రదాయమనుకొని ఊరకున్నాను. ఎట్టకేలకు గోడ పగులగొట్టి కిటికీని రెండింతలు చేయించి గట్టు కట్టించాము. మొదటిరోజు పాలు పొంగించి, కిటికీ వద్ద నిలబడి ఆమె అన్నది ఒక్కటే మాట: "ఇరవై ఏళ్ళ క్రితమే చేయించి ఉండవలసింది." ఆ క్షణాన నాకు గురుపత్నిగారి దగ్గు వినిపించినట్లయింది.