స్టీరింగ్ బరువెక్కితే...



పోయిన వర్షాకాలంలో ఓ సాయంత్రం మా అత్తగారిని డాక్టరుకు చూపించి కారులో ఇంటికి తీసుకొస్తున్నాను. బందరు రోడ్డు మీదనుంచి మా వీధిలోకి తిప్పబోయేసరికి స్టీరింగ్ ఒక్కసారిగా తిరగలిలా బరువెక్కింది. ఎదురుగా స్టీరింగ్ బొమ్మతో పసుపుపచ్చ దీపం వెలిగింది. వెనక హారన్ల మోత. "ఏమైందే అమ్మాయ్?" అని మా అత్తగారి గాభరా. రెండు చేతుల బలమంతా పెట్టి కారును పక్కకు చేర్చేసరికి నాకు ముచ్చెమటలు పోశాయి.

మర్నాడు గ్యారేజీలో చూసి, "సెన్సారు పోయిందండీ. అది విడిగా దొరకదు. స్టీరింగ్ కాలమ్ మొత్తం మార్చాలి. 38,000 రూపాయలవుతుంది. ఒకసారి సార్‌తో మాట్లాడించండి" అన్నారు. మా ఇంట్లో కారు సంగతి చూసుకునేది నేనే. అందుకని, "సెన్సారే పోయిందని ఎలా తెలిసింది?" అని అడిగాను. "దీపం వెలిగిందిగా మేడమ్!" అన్నారు.

ఒంట్లో జ్వరముందని థర్మామీటరు చెబుతుంది. అది మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా! ఈ దీపమూ అంతే. ఏదో తేడా ఉందంటుంది గాని, ఎక్కడన్నది మనం వెతికించుకోవాలి.

ముందు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూద్దాం. వెనకటి కార్లలో పవర్ స్టీరింగ్ అంటే ఆయిలు, పంపు ఉండేవి. 1988లో జపానులో సుజుకి సెర్వో అనే చిన్న కారుకు కరెంటు మోటారుతో నడిచే పవర్ స్టీరింగ్ పెట్టారు. ఇవాళ మన కార్లలో ఎక్కువగా ఉన్నది ఈ రకమే. మనం ఎటు తిప్పుతున్నాం, ఎంత బలంగా తిప్పుతున్నాం అన్నది మోటారుకు తెలియాలి. అందుకే స్టీరింగ్ కడ్డీ మధ్యలో ఓ సన్నటి కడ్డీ అమరుస్తారు. తడిగుడ్డ పిండేటప్పుడు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తిప్పితే గుడ్డ మెలిపడుతుంది చూడండి, అలాగే మనం స్టీరింగ్ తిప్పగానే ఆ కడ్డీ రవ్వంత మెలిపడుతుంది. ఆ మెలికను కొలిచేదే టార్క్ సెన్సారు. అది కంట్రోలు పెట్టెకు కబురు చెబితే, ఆ పెట్టె మోటారును అటువైపు సాయం చెయ్యమంటుంది.

ఇంకో మాట ముఖ్యం. మోటారు ఆగిపోయినా స్టీరింగుకూ చక్రాలకూ ఉన్న ఇనుప బంధం తెగిపోదు. సాయం మాత్రమే పోతుంది. కనుక దీపం వెలగగానే బెదిరిపోకండి. స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి, కారును పక్కకు చేర్చండి. ఇరుకు సందులో కారు పెట్టడానికి ఆగకుండా అటూ ఇటూ తిప్పినా మోటారు వేడెక్కి కాసేపు సాయం తగ్గిస్తుంది. చల్లారాక మామూలవుతుంది. అది జబ్బు కాదు.

ఇక వెతికే వరస. మొదట ముందు టైర్లలో గాలి చూసుకోండి. గాలి తగ్గినా స్టీరింగ్ బరువెక్కుతుంది, అయితే అప్పుడు స్టీరింగ్ దీపం వెలగదు.

తరవాత బ్యాటరీ. ఈ మోటారు గట్టిగా పనిచేసేటప్పుడు పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఇంజను ఆపి కాసేపుంచితే బ్యాటరీ 12.4 నుంచి 12.7 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. స్టీరింగ్ తిప్పుతూ ఉండగా కూడా మీటరు చూడమనండి. అసలు గుట్టు అక్కడే బయటపడుతుంది.

మూడోది స్కానర్. అందులో వచ్చిన కోడ్ చెరపకముందే కాగితం మీద రాయించుకోండి. స్టీరింగ్ కోడ్‌లు సాధారణంగా 'సి' అక్షరంతో మొదలవుతాయి. ఉదాహరణకు టయోటా కార్లలో సి 1511 అంటే టార్క్ సెన్సారు లోపం. సి 1515 అంటే సెన్సారుకు సున్నా అమరిక జరగలేదని. మొదటిది రిపేరు, రెండోది వట్టి సర్దుబాటు. ఖర్చులో ఎంత తేడా ఉంటుందో చూడండి!

ఆ స్కానర్‌లోనే సెన్సారు లెక్క కూడా కనిపిస్తుంది. చేతులు తీసేస్తే సున్నాకు దగ్గరగా ఉండాలి. కుడికీ ఎడమకీ ఒకే బలంతో తిప్పితే రెండువైపులా సమంగా పెరగాలి. అలా లేకపోతే సెన్సారు మీద అనుమానపడవచ్చు. అప్పుడు కూడా దాని ప్లగ్గులో నీరు, చిలుము చేరాయేమో చూడకుండా కాలమ్ మార్చవద్దు. ఈ పని మాత్రం మెకానిక్కుకే వదలండి. అక్కడే ఎయిర్ బ్యాగ్ తీగలుంటాయి, వాటిని మనం కదిలించకూడదు.

సెన్సారు నిజంగానే పోవడమూ ఉంది సుమండీ. మా పక్కింటావిడ కారు స్టీరింగ్ ఒకవైపు తేలిగ్గా, రెండోవైపు బరువుగా తిరిగేది. ఓ రోజు దానంతటదే పక్కకు లాగింది. అలాంటప్పుడు కారు నడపనే కూడదు, తాడుకట్టి లాగించకుండా బండి మీద ఎక్కించి పంపాలి. ఆవిడ కాలమ్ మార్పించుకుని, సున్నా అమరిక చేయించుకుంది. కారు సమంగా ఉన్నచోట నిలిపి, చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్ మీద చెయ్యి వెయ్యకుండా ఆ అమరిక చెయ్యాలి.

ఇంతకీ మా కారు సంగతి చెప్పలేదు కదూ! మా వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ బాగానే ఉంది. స్టీరింగ్ తిప్పితే మాత్రం మోటారుకు అందే వోల్టేజి 10కి లోపు పడిపోతోంది. స్కానర్‌లో ఉన్న కోడ్ కూడా వోల్టేజి తగ్గిందనే! చూస్తే బ్యాటరీనుంచి కారు బాడీకి వెళ్ళే ఎర్త్ తీగ బోల్టు వానకు తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. 400 రూపాయలు తీసుకున్నాడు. ఆ దీపం మళ్ళీ వెలగలేదు.

కాబట్టి గ్యారేజీకి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు వెయ్యండి. ఏ కోడ్ వచ్చింది? స్టీరింగ్ తిప్పేటప్పుడు వోల్టేజి ఎంత? ప్లగ్గూ, ఎర్తూ చూశారా? వీటికి జవాబు వచ్చాకే డబ్బు సంగతి మాట్లాడండి. కూరగాయలే గిల్లి చూసి కొంటాం, ఇన్ని వేలు అడగకుండా ఎలా ఇస్తామండీ?



(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)