పశువుల చెంత కాపురం – ఇంగ్లండులో అనుమతి ఎలా ఇస్తారు?

చూడి గేదెకు నెలలు నిండిన రాత్రి పాకలో మనిషి ఉండాలని పాడి చేసే ప్రతి ఇంటికీ తెలుసు. దూడ అడ్డం తిరిగినప్పుడు చెయ్యి అందించేవారు లేకపోతే తల్లీ పిల్లా రెండూ దక్కకపోవచ్చు. మనలో చాలామందికి పాక ఇంటి పక్కనే ఉంటుంది. దూరమైతే పాకలోనే మంచం వేసుకుంటాము. ఇంగ్లండులో చిన్న కమతం కొని కొత్తగా పాడి పెట్టేవారికి ఇది అంత తేలిక కాదు. పొలంలో కాపురం పెట్టాలంటే అక్కడి స్థానిక కౌన్సిలు అనుమతి కావాలి. ఆ అనుమతి ఏ లెక్కన ఇస్తారో తెలుసుకుంటే మన సభ్యులకు కూడా పనికివచ్చే సంగతి ఒకటి కనిపిస్తుంది.

భూమి తనదే అయినా

పొలాల నడుమ ఎక్కడ పడితే అక్కడ ఇళ్ళు లేవకుండా ఆ దేశం 1947లో ఒక ప్రణాళికా చట్టం చేసి, 1948 జూలై 1 నుంచి అమలుపరచింది. సేద్యం చేసుకోవడానికి, పశువులను మేపుకోవడానికి అనుమతి అక్కరలేదు. నివాసం మాత్రం వేరే వినియోగం కింద లెక్క. ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించగల ఇంటిని అక్కడ కారవాన్ అంటారు. దానిని తెచ్చి పొలంలో నిలిపి కాపురం ఉన్నా అనుమతి కావలసిందే. పునాది తీయలేదు, గోడ కట్టలేదు అన్న వాదన చెల్లదు.

1960 నాటి కారవాన్ చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కోతలవంటి ఒక సీజనులో పనిచేసే కూలీలను పొలంలో కారవాన్లలో ఉంచవచ్చు. సీజను ముగియగానే వాటిని తీసివేయాలి. 5 ఎకరాలకు తక్కువ కాని భూమిలో, కొన్ని షరతులకు లోబడి, ఏడాదిలో 28 రోజులు మించకుండా 3 కారవాన్ల వరకు నిలుపుకోవచ్చు. ఏడాది పొడుగునా పశువుల దగ్గర ఉండవలసిన వారికి ఇవి చాలవు.

మూడేళ్ళ పరీక్ష

కొత్తగా పాడి పెట్టేవారికి మొదట తాత్కాలిక అనుమతి ఇవ్వడం అక్కడి పద్ధతి. సాధారణంగా గడువు మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ కారవాన్‌లోగాని, సులువుగా విప్పదీయగల చెక్క ఇంటిలోగాని ఉండాలి. 2004లో ప్రభుత్వం ప్రకటించిన విధానం ఇందుకు ఈ ప్రశ్నలు అడిగింది:

1. ఈ పని నిలబెట్టాలన్న సంకల్పం, శక్తి రైతుకు ఉన్నాయా? కొత్త పాకలకు పెట్టిన పెట్టుబడి దీనికి మంచి సాక్ష్యం.

2. రాత్రింబగళ్ళు, ఏ క్షణాన పిలుపు వచ్చినా పశువులను చూసే మనిషి అక్కడే ఉండవలసిన అవసరం నిజంగా ఉందా?

3. రాబడి, ఖర్చుల అంచనా గట్టిగా ఉందా?

4. దగ్గరలో సరిపడే ఇల్లు మరొకటి దొరుకుతుందా?

2012లో ఆ పత్రం స్థానే జాతీయ ప్రణాళికా విధానం వచ్చింది. అయినా పల్లెపనివారు పని చోటనే ఉండవలసిన తప్పనిసరి అవసరం ఉందా అన్నదే మూలప్రశ్నగా నిలిచింది. 2019 మార్గదర్శకాలు కూడా కొత్త సంస్థలకు తాత్కాలిక నివాసం ఇచ్చి చూడడం గురించి చెప్పాయి.

ఇక్కడ గమనించవలసినది రెండవ ప్రశ్న. రైతుకు పొలంలో ఉండాలని ఎంత కోరిక ఉన్నా అది లెక్కలోకి రాదు. అవసరం పశువులది కావాలి. ఈతలన్నీ రెండు నెలల్లోనే ముగిసిపోతే, ఆ రెండు నెలలకు కారవాన్ చాలును కదా అని కౌన్సిలు అనవచ్చు. ఏడాది పొడుగునా ఈతలు సాగే మందకైతే రాత్రి కాపలా అవసరమని చూపడం సులువు. ఏ నెలలో ఎన్ని ఈనాయో, రాత్రిపూట ఎన్నిసార్లు లేవవలసి వచ్చిందో పుస్తకంలో రాసి ఉంటే ఆ మాటకు బలం.

మూడేళ్ళలో పాడి నిలదొక్కుకుంటే శాశ్వత గృహానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. సాధారణంగా వ్యవసాయపు పనివారు, వారి కుటుంబమే అందులో ఉండాలన్న షరతు విధిస్తారు. నిలదొక్కుకోకపోతే కారవాన్ తీసివేసి నేలను మునుపటిలా చేయాలి.

దాచితే దాగదు

సర్రే ప్రాంతంలో ఒక రైతు అనుమతి లేకుండా ఇల్లు కట్టి, చుట్టూ గడ్డిమోపుల గోడ పేర్చి దాచాడు. నాలుగేళ్ళు ఎవరూ అడ్డుచెప్పకపోతే ఇల్లు నిలుస్తుందన్న అప్పటి నియమాన్ని నమ్ముకుని, 2006లో మోపులు తొలగించాడు. దాచి గడిపిన కాలం చెల్లదని హైకోర్టు 2010లో తీర్పు చెప్పింది. 2016లో ఆ ఇంటిని పడగొట్టవలసి వచ్చింది. 2024 ఏప్రిల్ 25 నుంచి ఇంగ్లండులో ఆ గడువును పదేళ్ళకు పెంచారు.

మన సభ్యులకు

మన నియమాలు వేరు. పొలంలో గది వేయదలచినవారు ముందుగా పంచాయతీ కార్యదర్శిని, తహసీల్దారు కార్యాలయాన్ని అడిగి తెలుసుకోవాలి. అయితే ఏ దేశంలోనైనా అధికారి పాక దగ్గరకు వచ్చి రాత్రంతా కూర్చోడు. ఆయన చూసేది కాగితాన్నే. ఎద కట్టిన తేదీ, సూది వేయించిన తేదీ, ఈనిన తేదీ, పూటపూటా పోసిన పాలు, దాణా ఖర్చు – వీటిని ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. సంఘం ఇచ్చే పాల పుస్తకాన్ని జాగ్రత్త చేయండి. రేపు బ్యాంకులో పాడి అప్పు అడిగినా, బీమా సొమ్ము కోరినా, మీ తరఫున మాట్లాడేది ఆ పుస్తకమే.