ఇల్లు చేరిన యాత్రికుడు

నందికొట్కూరు కుర్రవాడొకడు వేసవి సెలవులకు యూరపు వెళ్ళాడనుకోండి. తోడు ఎవరూ లేరు. వీపుమీద ఒక సంచీ, చేతిలో రైలు టిక్కెట్లు. రెండునెలలపాటు దేశాలు, నదులు, కొండలు, కోటలు, మ్యూజియములు చూశాడు. ఇక ఇంటికి రావాలి. లండనులో విమానం ఎక్కితే సుమారు పది గంటల్లో హైదరాబాదులో దిగుతాడు. అక్కణ్ణించి కర్నూలు, కర్నూలునుంచి బస్సులో నందికొట్కూరు. నిన్న అక్కడ, ఇవాళ ఇక్కడ!

ఇంట్లో అందరికీ పండుగే. అమ్మ వేడివేడి జొన్నరొట్టె, చెనిగ్గింజల ఊరిబిండి పెడుతుంది. పక్కన అవ్వ చేరి, "ఏమేం చూసొచ్చినావు నాయనా?" అని అడుగుతుంది.

"శానా చూసినా అవ్వా."

"అంటే ఏమేం?"

"అన్నీ చూసినాలే," అంటాడు కుర్రవాడు. అంతే, తింటూ తింటూనే కునుకుతాడు. నడిరాత్రి మాత్రం కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకుంటాడు.

"బిడ్డకు దిష్టి తగిలింది," అంటుంది అవ్వ. కాని కారణం అది కాదు. భూమి తనచుట్టూ తాను 24 గంటలలో ఒకసారి తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. లండనులో ఉన్న గ్రీనిచ్‌కు నందికొట్కూరు సుమారు 78 డిగ్రీలు తూర్పుగా ఉన్నది. అందుచేత మనకు సూర్యుడు అయిదు గంటలకు పైగా ముందు నడినెత్తికి వస్తాడు. గడియారాల ప్రకారం చూస్తే, వేసవిలో లండనువారు తమ గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటారు గనక, తేడా నాలుగున్నర గంటలు.

చేతి గడియారాన్ని ఒక్క క్షణంలో తిప్పుకోవచ్చు. కాని మన మెదడులో మరొక గడియారం ఉన్నది. కళ్ళనుంచి వచ్చే నరాలు రెండూ ఒకదాన్నొకటి దాటేచోట, దానికి కాస్త పైన, చిన్న కణాల గుంపు ఒకటి ఉంటుంది. ఎప్పుడు నిద్ర రావాలో, ఎప్పుడు మెలకువ రావాలో నడిపేది అదే. అది పగటి వెలుగును చూసి తన వేళను సరిచేసుకుంటుంది. ఎంత తొందరపెట్టినా ఇంచుమించు రోజుకు ఒక గంట మాత్రమే జరుగుతుంది. అందుకే కుర్రవాడి శరీరం పూర్తిగా నందికొట్కూరు చేరడానికి నాలుగైదు రోజులు పడుతుంది.

మరి మనస్సు ఎప్పుడు చేరుతుంది? దీనికి జవాబు కావాలంటే, దాదాపు రెండువందల ఏళ్ళక్రితం ఈ ప్రాంతంమీదుగా సాగిపోయిన ఒక యాత్రికుడి సంగతి తెలుసుకోవాలి.

ఆయన పేరు ఏనుగుల వీరాస్వామి. మద్రాసులోని సుప్రీంకోర్టులో ద్విభాషిగా పని చేసేవాడు. అంటే ఒక భాషలో చెప్పినదాన్ని న్యాయమూర్తులకు అర్థమయ్యేలాగు మరొక భాషలో చెప్పేవాడన్నమాట. ఆయన 1830 మే 18 న మద్రాసునుంచి కాశీకి బయలుదేరాడు. ఆయన ఒంటరివాడు కాడు. వెంట సుమారు వందమంది పరివారం ఉన్నారు. అప్పటికి మన దేశంలో రైళ్ళు లేవు. ఆయన పల్లకిలో వెళ్ళాడు, పల్లకిని బోయీలు మోశారు.

తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుని ఆయన ఉత్తరానికి సాగాడు. ఇప్పుడు యూరపులో తిరిగేవాడు వరుసగా ఎన్నో దేశాలు దాటినట్లే, ఆ రోజుల్లో ఈ కొద్ది దూరంలోనే మూడు ప్రభుత్వాలు దాటవలసి వచ్చేది. కడప ఇంగ్లీషు కుంఫిణీవారిది. కర్నూలును అప్పుడు కందనూరు అనేవారు, అది నవాబుగారిది. కృష్ణ దాటితే నైజాము రాజ్యం. దేశం మారితే నాణెం మారేది, సుంకం మారేది.

నందికొట్కూరు ప్రాంతంలో నివృత్తి సంగమం అనే పుణ్యస్థలం ఉన్నది. వీరాస్వామి అక్కడ కృష్ణను దాటి నైజాము రాజ్యంలో అడుగుపెట్టాడు. ఆ కాలంలో ఈ నదులను పుట్టిలో దాటేవారు. పుట్టి అంటే వెదురుతో అల్లి, కిందంతా తోలు కప్పిన గుండ్రని తెప్ప. దాని అడుగు వెడల్పుగా, చదునుగా ఉంటుంది గనక లోతులేని నీటిలో కూడా తేలుతుంది, రాళ్ళమధ్య చిక్కుకోదు. కాని దానికి ముందూ వెనకా లేవు. తెడ్డు వేసేవాడికి నేర్పు లేకపోతే గిర్రున తిరుగుతుంది.

వీరాస్వామి హైదరాబాదు, నాగపూరు, జబ్బలుపూరుమీదుగా ప్రయాగకు, అక్కణ్ణించి కాశీకి చేరాడు. గయ చూశాడు. గంగమీద పడవలలో ప్రయాణం చేసి కలకత్తా చేరాడు. తిరుగుదారిలో జగన్నాథం, గంజాం, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం, నెల్లూరు చూసుకుంటూ 1831 సెప్టెంబరు 3 న మద్రాసులో ఇల్లు చేరాడు. మొత్తం 15 నెలల 15 రోజులు పట్టింది.

ఆయనకు మన కుర్రవాడిలాగా పగలు కునుకు పట్టలేదు. కాశీకీ మద్రాసుకూ సూర్యుడి వేళలో తేడా సుమారు 11 నిమిషాలే. అదీ నెలల తరబడి కొద్దికొద్దిగా కలిసింది. పల్లకి ఎంత దూరం నడిస్తే శరీరమూ అంతే దూరం నడిచింది.

అయితే ఆయన చేసిన గొప్ప పని ఇంత దూరం తిరిగిరావడం కాదు. ఆ రోజుల్లో కాశీకి వెళ్ళివచ్చినవారు ఇంకా ఎందరో ఉన్నారు. వీరాస్వామి ప్రతి మజిలీలోనూ ఆ రోజు చూసినదాన్ని రాశాడు. ఈ ఊరికీ ఆ ఊరికీ ఎంత దూరం? బాట రాళ్ళదా, ఇసకదా? బావి నీళ్ళు తాగడానికి పనికివస్తాయా? అంగళ్ళలో ఏమి దొరుకుతుంది? దిగడానికి ముసాఫరుఖానా ఉన్నదా? ఏ నాణెం చెల్లుతుంది? ఇవన్నీ రాశాడు. తనకు నచ్చినవే కాక, బాధపెట్టినవీ రాశాడు. శ్రీశైలంలో యాత్రికులవద్ద నవాబు ప్రభుత్వం వసూలుచేసే పన్నుల సంగతి కూడా వదలలేదు.

ఈ వివరాలను ఆయన మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు పంపుతూ వచ్చాడు. వీరాస్వామి 1836 లో చనిపోయాడు. శ్రీనివాసపిళ్ళ ఆ రాతలను పారవేయకుండా 1838 లో "కాశీయాత్ర చరిత్ర" అనే పుస్తకంగా అచ్చు వేయించాడు. తెలుగులో వచ్చిన మొదటి యాత్రాగ్రంథాలలో అది ఒకటి. 1941 లో దిగవల్లి వేంకటశివరావుగారు దాన్ని చక్కగా పరిష్కరించి మళ్ళీ ప్రకటించారు.

ఆ పల్లకిని మోసిన బోయీలు కూడా ఎండలు, వానలు, ఏళ్ళు, అడవులు చూసినవారే. బాట ఎంత కరుకో పల్లకిలో కూచున్నవాడికంటే వాళ్ళ పాదాలకే బాగా తెలుసు. కాని వాళ్ళు చూసినది మనకు దక్కలేదు. వాళ్ళను కూచోబెట్టి, "ఏమి చూశారు?" అని అడిగి, విని రాసిపెట్టినవారు లేకపోయారు.

ఇప్పుడు నివృత్తి సంగమానికి వెళ్ళండి. వీరాస్వామి చూసిన ఒడ్డు కనబడదు. 1980 తరువాత శ్రీశైలం జలాశయం నిండడంతో అక్కడి సంగమేశ్వరుడి గుడి నీటిలో మునిగిపోయింది. ఎండాకాలంలో జలాశయం నీరు బాగా తగ్గినప్పుడు, మొదట శిఖరం, తరువాత గోడలు, చివరికి గుడి మొత్తం బయటపడుతుంది. జనం బురద దాటుకుంటూ వెళ్ళి పూజలు చేస్తారు. వానలు పడి, ఎగువనుంచి కృష్ణ నిండుగా రాగానే గుడి మళ్ళీ మునుగుతుంది. ఆనకట్ట రాకముందు ఈ ప్రాంతపు బాటలు, రేవులు, పల్లెలు ఎలా ఉండేవో ఇప్పుడు వెళ్ళి చూడలేము. ఆనాడు చూసినవారు రాసిపెట్టినంతమటుకే మనకు తెలుసు.

మళ్ళీ మన కుర్రవాడి దగ్గరికి వద్దాం. నాలుగైదు రోజులకు వాడి నిద్ర కుదురుకుంటుంది. కాని ఇల్లు ఇరుకుగా, వీధి చిన్నదిగా, స్నేహితుల మాటలు చప్పగా కనిపిస్తాయి. ఒంటరిగా వెళ్ళాడు గనక, "నీకు గుర్తుందా?" అని అడగడానికి మరొకరు లేరు. చూసినదంతా వాడిలోనే ఉండిపోయింది. మనస్సు ఇంకా అక్కడి రైళ్ళలోనే తిరుగుతున్నది.

దీనికి ఒక మందు ఉన్నది. సాయంత్రం అవ్వ పక్కన కూచుని ఒక ఊరి సంగతి మాత్రం చెప్పాలి. అవ్వ ఊరికే వినదు. "ఆడ వానలు పడతాయా? ఏం పైరు పెడతారు? రొట్టె దేంతో చేస్తారు? ముసలోళ్ళను ఎవరు చూస్తారు?" అని అడుగుతుంది. సగానికి వాడివద్ద జవాబు ఉండదు. అయినా ఆ ప్రశ్నలవల్లనే, తాను ఏది నిజంగా చూశాడో, ఏది ఊరికే దాటిపోయాడో వాడికి తెలుస్తుంది. మర్నాడు మరొక ఊరు. చెప్పినదాన్ని పుస్తకంలో తేదీ వేసి రాసుకోవాలి.

పెద్దలు కూడా ఒక సంగతి గమనించాలి. దూరంనుంచి వచ్చిన బిడ్డను, "ఎంత ఖర్చయింది? ఏం తెచ్చినావు?" అని మాత్రం అడిగి వదిలిపెట్టకండి. నాలుగు రోజులు నిద్రపోనివ్వండి, తరువాత తీరికగా కూచోబెట్టి అడగండి.

పిల్లలూ! ఇందుకోసం మీరు యూరపే వెళ్ళనక్కరలేదు. ఈ సెలవుల్లో మేనమామ ఊరికి వెళ్ళినా సరే. బస్సు ఎక్కడ ఆగింది, దారిలో ఏ వాగు ఎండింది, అక్కడి బావి ఎంత లోతు, మనం ఒక పేరుతో పిలిచే చెట్టును వాళ్ళు ఏ పేరుతో పిలుస్తారు? ఇవి రాసి తెచ్చి, ఇంట్లో చదివి వినిపించండి.