మిస్వాక్ వేరులోని ఘాటు

“హజ్రత్! నేను ప్రతి వుజూలో మిస్వాక్ చేస్తాను. మరి నా పన్నెందుకు పుచ్చింది?”

దవడ పట్టుకొని వచ్చిన ఒక విద్యార్థి నన్నడిగిన ప్రశ్న ఇది. మిస్వాక్ తీసి చూపమన్నాను. ఎండి కట్టెముక్కలా ఉంది. కుచ్చు నల్లబడింది. రమజానులో కొన్నాడట, అప్పటికి బక్రీదు కూడా దాటింది. మిస్వాక్ ఉంది కదా అని ఇంట్లో పేస్టు మాన్పించి ఏడాదయిందట!

తన ఉమ్మత్‌కు కష్టమవుతుందన్న తలంపే లేకుంటే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆదేశించేవాణ్ణని దైవప్రవక్త (స) చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. సున్నత్ ఔన్నత్యానికి ప్రయోగశాల సాక్ష్యం అక్కర్లేదు. అయినా అల్లాహ్ ఆ వేరులో ఏ గుణం ఉంచాడో తెలుసుకోవడం మంచిదే.

మిస్వాక్‌ను ఎక్కువగా పీలు చెట్టు వేళ్ళ నుండి కోస్తారు. అరబ్బీలో ఈ చెట్టు పేరు అరాక్. తాజా వేరు నమిలితే నాలుకకు ఘాటు తగులుతుంది. ఆవాలు నూరితే పుట్టే ఘాటూ ఈ కోవదే. ఈ వేరుపై స్వీడన్ పరిశోధకులు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. వేరులో బాక్టీరియాను చంపే ముఖ్య పదార్థం బెంజైల్ ఐసోథయోసయనేట్ అని వారు తేల్చారు. చిగుళ్ళ వ్యాధికి కారణమయ్యే బాక్టీరియాను అది త్వరగా చంపింది. కాని పళ్ళు పుచ్చడానికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వేరే వర్గానికి చెందినది. ఆ వర్గంలో కొన్నింటి పెరుగుదల మాత్రమే తగ్గింది. కొన్నింటికి ఏమీ కాలేదు. పైగా ఇది ప్రయోగశాలలో జరిగిన పరీక్ష, నోటిలో కాదు.

మరో సంగతి. ఈ పదార్థం ఆవిరై గాలిలో కలిసిపోయే స్వభావం గలది. నెలల తరబడి జేబులో ఎండిన వేరులో ఘాటు ఎక్కడ మిగులుతుంది?

కనుక తల్లిదండ్రులారా! మిస్వాక్ తాజాది కొనండి. వాడిన కుచ్చును తరచూ కోసివేసి, కొత్త కొస నమలండి. ఒకరిది మరొకరు వాడకండి. ఇది మస్జిదుకు వెళ్ళే మగవారి సొత్తు కాదు. స్త్రీలకూ, పిల్లలకూ అలవాటు చేయండి. దానితోపాటు ఉదయం, రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోమించండి. పేస్టు వాడినంత మాత్రాన సున్నత్ పోదు. పుచ్చిన పన్నును మాత్రం ఏ వేరూ పూడ్చలేదు. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళవలసిందే.

మా విద్యార్థిని అలాగే తీసుకువెళ్ళాం. ఇప్పుడు వాడి జేబులో పచ్చి మిస్వాక్, పెట్టెలో బ్రష్షూ పేస్టూ రెండూ ఉన్నాయి.