గోడ మీద గణితం

బాలలూ! ముగ్గు వేసేటప్పుడు మీ అమ్మగారు గాని, అక్కగారు గాని మొదట ఏం చేస్తారో గమనించారా? ముందుగా చుక్కలు పెడతారు. చుక్కలు సరిగా కుదిరితే ముగ్గు చక్కగా వస్తుంది. ఒక వరస పక్కకు జరిగిందా, ముగ్గంతా వంకర పోతుంది. మీరు పడుకునే గదిలో ఒక గోడకు రంగుల నమూనా వేయాలన్నా ఇదే సూత్రం. కాని ముగ్గు మర్నాటికి చెరిగిపోతుంది. గోడ మీది రంగు ఏళ్ల తరబడి ఉంటుంది. అందుచేత కుంచె పట్టేముందు కొంత లెక్క చేయక తప్పదు.

మొదటి ప్రశ్న: ఏ ఆకారం వేయాలి? భుజాలూ కోణాలూ సమానంగా ఉన్న ఒకే ఆకారంతో, సందు లేకుండా గోడంతా నింపాలంటే మూడింటితోనే సాధ్యం. అవి త్రిభుజం, చతురస్రం, షడ్భుజి. కారణం సులభమే. ఒక చుక్క చుట్టూ ఉన్న కోణాల మొత్తం 360 డిగ్రీలు. త్రిభుజం కోణం 60. ఆరు చేరితే 360. చతురస్రం కోణం 90, నాలుగు చాలు. షడ్భుజి కోణం 120, మూడు చాలు. పంచభుజి కోణం 108. మూడు చేరితే 324 అవుతుంది, 36 డిగ్రీల సందు మిగులుతుంది. నాలుగోది పట్టదు! తేనెపట్టులో గదులు షడ్భుజులుగా ఉండడం మీరు చూసే ఉంటారు.

మనం చతురస్రాలను తీసుకొని, ఒక్కొక్కదాన్ని మూల నుంచి మూలకు రెండుగా కోద్దాం. ఒక సగానికి లేతరంగు, రెండో సగానికి ముదురు రంగు.

రెండో ప్రశ్న: చతురస్రం ఎంత ఉండాలి? ఇక్కడే మీరు బడిలో నేర్చుకున్న గ.సా.భా. అక్కరకు వస్తుంది. గోడ వెడల్పు 300 సెంటీమీటర్లు, ఎత్తు 270 అనుకోండి. ఈ రెంటికి గ.సా.భా. 30. అంటే 30 సెంటీమీటర్ల చతురస్రాలు అడ్డంగా 10, నిలువుగా 9, మొత్తం 90 సరిగ్గా పడతాయి. ముక్కలు మిగలవు. మీ గోడ 301, 269 ఉంటే? దిగులు పడకండి. ముగ్గుకు అంచు వేసినట్లు చుట్టూ కొంత వదిలి, లోపలి కొలతను మీకు అనువుగా తీసుకోండి.

ఇక చుక్కలు. పది చతురస్రాలకు పదకొండు చుక్కలు కావాలి సుమా, పది కాదు! కనుక ఈ గోడకు 11 × 10 = 110 చుక్కలు. గది మూల నిటారుగా ఉన్నదని నమ్మి దాని పక్కనే కొలవకండి. దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీయండి. భూమి ఆకర్షణ వల్ల ఆ దారం నిటారుగా నిలుస్తుంది. అడ్డగీతకు మేస్త్రీలు నీళ్లు నింపిన సన్నని గొట్టం వాడతారు. గొట్టం రెండు కొనలలోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ఆ రెండు గుర్తులను కలిపితే అడ్డగీత.

ఇప్పుడు పెద్దలకు ఒక మాట. పాత రంగును గీకే పని పిల్లలకు అప్పగించకండి. వెనుకటి ఆయిలు రంగుల్లో, ముఖ్యంగా తలుపులకు, కిటికీలకు వేసే ఎనామిల్ రంగుల్లో, సీసం కలుస్తూ ఉండేది. పొడిగా గీకితే ఆ దుమ్ము చేతులకు అంటి, నోటిలోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదనే హద్దు దానికి లేదు. అందువల్ల ఉప్పుకాగితాన్ని తడిపి రుద్దాలి, పిల్లలను ఆ గదిలోకి రానీయకూడదు, తడిగుడ్డతో తుడవాలి. మన దేశంలో 2016లో చేసిన నిబంధనలు 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఇళ్లకు వేసే రంగులో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండరాదు. డబ్బా మీద ఆ మాట చదివి గాని కొనకండి. గోడకు చెమ్మ ఉంటే ముందు దాన్ని బాగు చేయించండి. చెమ్మ గోడ మీద ఏ రంగూ నిలవదు.

గోడంతా ముందు లేతరంగు రెండు పూతలు వేసి ఆరనివ్వాలి. తరువాత దళసరి ప్లాస్టిక్ రేకులో 30 సెంటీమీటర్ల భుజాలున్న లంబకోణ త్రిభుజాన్ని పెద్దలచేత కోయించండి. అదే మీ అచ్చు. పెడనలో కలంకారీ బట్టల మీద చెక్క అచ్చులతో అద్దినట్లు, మీరు ఈ రంధ్రంలో స్పాంజితో ముదురు రంగు అద్దుతారు. స్పాంజి దాదాపు పొడిగా ఉండాలి. దీపపు వత్తిలోకి నూనె పాకినట్లే, నీళ్ల రంగు అచ్చు కిందనున్న సన్నని సందులోకి పాకుతుంది. అప్పుడు అంచు చెదిరిపోతుంది. పక్కపక్కవి ఒకేసారి వేయకండి. ఒకటి విడిచి ఒకటి, వరస విడిచి వరస వేసి, ఆరిన తరువాత మిగిలినవి అద్దండి.

రంగు ఎంత కొనాలి? గోడ వైశాల్యం 3 × 2.7 = 8.1 చదరపు మీటర్లు. ముదురు రంగు పడేది అందులో సగం, అంటే 4.05. రెండు పూతలకు మళ్లీ 8.1. లీటరు పది చదరపు మీటర్లకు వస్తుందని డబ్బా మీద ఉంటే, ఒక్క లీటరు చాలు.

మన నమూనాకు రెండు రంగులు సరిపోయాయి. షడ్భుజులైతే ఆనుకొని ఉన్నవి వేరుగా కనబడడానికి మూడు కావాలి. మరి పటంలో దేశాల్లాగా ఇష్టం వచ్చినట్లు గీస్తే? ఎలా గీసినా నాలుగు రంగులు చాలునా అని 1852లో ఫ్రాన్సిస్ గుత్రీ అనే విద్యార్థి ఇంగ్లండు పటానికి రంగులు వేస్తూ అడిగాడు. చాలునని 1976లో కెన్నెత్ ఆపెల్, వుల్ఫ్‌గాంగ్ హాకెన్ అనే గణితజ్ఞులు కంప్యూటరు సాయంతో నిరూపించారు. పసివాళ్లకు కూడా అర్థమయ్యే ఆ ప్రశ్నకు జవాబు రావడానికి 124 ఏళ్లు పట్టింది!

ఇక మీ వంతు. ఒక గోడ వెడల్పు 336 సెంటీమీటర్లు, ఎత్తు 264. చతురస్రం ఎంత? ఎన్ని చతురస్రాలు? ఎన్ని చుక్కలు? జవాబు మీకు 24, 154, 180 అని వస్తే, ఇక టేపు తీసుకొని మీ గోడను కొలవండి.