తాతల నాటి రివాల్వరు: దాని విలువ, దానివల్ల ప్రమాదం

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలలో పాత ఇళ్ళు చాలావరకు పోయి, వాటి స్థానంలో అపార్టుమెంట్లు లేచినవి. అటువంటి ఇంటినొకదానిని ఖాళీ చేస్తుండగా, అటక మీది ట్రంకుపెట్టెలో నిజాం కాలపు రివాల్వరు దొరికిందనుకొందాం. చూచినవారికి రెండు సందేహాలు కలుగుతాయి. దీనికి ఎంత ధర వస్తుంది? ఇది ఇంకా పేలుతుందా? ఈ రెండింటికీ సంబంధం లేదని తోచవచ్చును. కాని రెండింటికీ సమాధానం చాలావరకు ఆ ఇనుము మీదనే వ్రాసి ఉంటుంది.

మొట్టమొదట చేయవలసినది

దానిలో తూటాలు ఉన్నవనే భావించవలెను. ట్రిగ్గరును తాకరాదు; గొట్టాన్ని ఎవరివైపూ త్రిప్పరాదు. చాలా పాత రివాల్వర్లలో సుత్తి మొన నేరుగా తూటా వెనుక భాగాన్ని ఆనుకొని ఉంటుంది. చేయిజారి క్రిందపడినా చాలు, తూటా పేలవచ్చును.

తరువాత చట్టం సంగతి. పాతదైనంత మాత్రాన లైసెన్సు అక్కరలేదనుకోవడం పొరపాటు. 1959 నాటి ఆయుధ చట్టంలోని 45వ సెక్షను ప్రకారం, మరమ్మతు చేసినా చేయకున్నా ఆయుధంగా పనికిరాని పురాతన వస్తువుకే మినహాయింపు. అది పనికివస్తుందో రాదో తేల్చవలసినది ఇంటివారు కాదు. కాబట్టి దానిని సంచిలో వేసుకొని బజారుకు పోక, తమ ప్రాంతపు పోలీసు స్టేషనుకు కబురుచేసి, వారు చెప్పినట్లు నడచుకొనవలెను.

మందు మారినది, ఇనుము మారలేదు

శామ్యూల్ కోల్టు తన రివాల్వరుకు అమెరికాలో పేటెంటు పొందినది 1836లో. ఆనాటి మందు పెట్లుప్పు, బొగ్గు, గంధకం కలిపిన నల్లని పొడి. సుమారుగా నూటికి 75, 15, 10 పాళ్ళు. మన దీపావళి మందుల వంటిదే. 1884లో ఫ్రాన్సు దేశీయుడైన పాల్ వియేల్ నైట్రోసెల్యులోజుతో పొగరాని మందును తయారుచేసినాడు. అదే బరువుకు ఇది నల్లమందుపొడికంటె ఎంతో ఎక్కువ శక్తినిస్తుంది. నల్లపొడికోసం తయారైన సిలిండరులో దీనిని పేల్చితే, ఇనుము ఓర్వలేని పీడనం కలుగవచ్చును.

అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదివే విద్యార్థులకు తెలిసిన సూత్రమే ఇది: లోపలి పీడనం హెచ్చినకొద్దీ పాత్ర గోడ మీద ఒత్తిడి హెచ్చుతుంది, గోడ పలుచనైతే మరింత హెచ్చుతుంది. రివాల్వరులో ఆ పాత్ర సిలిండరే. చాలా ఆరు గదుల రివాల్వర్లలో సిలిండరును నిలిపే గాడి సరిగ్గా గది పైననే ఉంటుంది. అంటే పలుచని గోడను మరింత పలుచన చేసినారన్నమాట.

దీనికి తోడు తుప్పు. పాత తూటాలను అంటించే రసాయనాలలో పొటాషియం క్లోరేటు ఉండేది. అది కాలగా మిగిలే క్లోరైడు ఉప్పువలె తేమను పీల్చి గొట్టం లోపలిభాగాన్ని తినివేస్తుంది. పైకి నిగనిగలాడే ఆయుధం లోపల గుంటలు పడి ఉండవచ్చును. సిలిండరు గది గొట్టానికి సూటిగా నిలువకపోతే గుండు అంచుకు తగిలి సీసపు రజను ప్రక్కలకు చిమ్ముతుంది.

ముద్రలు చెప్పే కథ

బర్మింగ్‌హామ్ పరీక్షాగృహం 1813లో బ్రిటిషు చట్టం ద్వారా ఏర్పడినది. మామూలుకంటె బలమైన తూటాను పేల్చి, ఓర్చుకొన్న ఆయుధానికే ముద్రవేసేవారు. ఎన్.పి. అనే అక్షరాలుంటే పొగరాని మందుకు పరీక్షించినట్లు. బెల్జియంలోని లియేజ్ ముద్రలో ఇ.ఎల్.జి. అక్షరాలు కనబడతాయి. అయితే ముద్ర ఆనాటి బలానికే సాక్ష్యం, నేటి బలానికి కాదు. ముద్రలలో అక్షరాలు తలక్రిందులుగానో తప్పుగానో ఉంటే, అది వాయవ్య సరిహద్దు కొండలలో చేసిన నకలు కావచ్చును.

వెబ్లీ రివాల్వరు చక్కని ఉదాహరణ. దాని .455 తూటా పీడనం చదరపు అంగుళానికి సుమారు 13 వేల పౌన్లు. అమెరికాలో కొందరు సిలిండరు వెనుకభాగాన్ని అరగదీసి .45 ఆటోమేటిక్ తూటాలు పట్టేటట్లు చేసినారు. ఆ తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం 21 వేలు. ఆ ఒక్క అరగదీతతో ఆయుధం ప్రమాదకరమైనది. అసలు రూపం చెడి విలువా తగ్గినది.

విలువ ఎందులో ఉన్నది?

తయారీదారు పేరు, అన్ని భాగాల మీద ఒకే సంఖ్య, మొదటి నీలిపూత ఎంత మిగిలినది, వెంట వచ్చిన పెట్టె, పాత లైసెన్సు కాగితాలు, ఎవరిదో తెలిపే చెక్కడం - వీటినిబట్టి విలువ కట్టుతారు. కనుక చింతపండుతో రాగిచెంబు తోమినట్లు దీనిని తోమరాదు. నీలిపూత, అక్షరాలు పోతే తిరిగిరావు. నూరేళ్ళు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 చట్టం నిషేధించినది.

పేల్చి చూడటం పరీక్ష కాదు. లోపలి పగులు కంటికి కనబడకపోవచ్చు. పది మార్లు ఓర్చిన సిలిండరు పదకొండవ మారు పగులవచ్చును. అప్పుడు పోయేది ధర మాత్రమే కాదు, పట్టుకొన్నవాని చేయి, ప్రక్కవాని కన్ను కూడ. పురాతన రివాల్వరును చదివి తెలుసుకొనవలెను గాని, పేల్చి కాదు.